పంచనామా తెలుగులో ఉంది

మనం నష్టపరిహారం అంటాం. ఒడియావారు క్షతిపూరణ అంటారు. రెండూ సంస్కృతం నుంచి వచ్చిన మాటలే అయినా, వాటి చూపు వేరు. పరిహారం అంటే తొలగించడం. పూరణ అంటే నింపడం. పోయిన మనిషి విషయంలో తొలగించడమూ కుదరదు, నింపడమూ కుదరదు. అయినా ఈ రెండు మాటల మధ్య నాలుగేళ్ళు తిరిగాను. నా కోసం కాదు, మా చెల్లెలి కోసం. ఆ తిరుగుడులో తెలుసుకున్నవి మన పత్రిక చదివే నలుగురికీ పనికొస్తాయని రాస్తున్నాను.

మా బావ పట్టు నేతగాడు. గుంటమగ్గం మీద బరంపురం పట్టు నేసేవాడు. 2018 మాఘమాసంలో పెళ్ళివారికి ఇవ్వవలసిన రెండు చీరలు సంచిలో పెట్టుకుని ఇచ్ఛాపురం బయల్దేరాడు. అక్కడ బస్సు దిగి హైవే దాటుతుంటే లారీ కొట్టింది. ఆసుపత్రికి చేరేలోపలే ప్రాణం పోయింది. వయసు నలభై రెండు. ఇంట్లో మిగిలింది మా చెల్లెలు, పదో తరగతి చదివే కొడుకు, ఏడు చదివే కూతురు, డెబ్భై దాటిన తల్లి.

పన్నెండో రోజు కాకముందే గుమ్మం దగ్గరికి ఒకాయన వచ్చాడు. ఎవరు పంపారో తెలియదు. "కేసు మేం నడిపిస్తాం, వచ్చినదాంట్లో మాకు ఇంత" అన్నాడు. ఇలాంటివాళ్ళు ఆసుపత్రి గేటు దగ్గర, శ్మశానం దారిలో కూడా తగులుతారు. మా చెల్లెలు వాడికి మంచినీళ్ళిచ్చి పంపేసింది. ఆ తరవాత నన్నడిగింది: "ఏటన్నయ్యా, ఆ డబ్బు తీసుకుంటే ఆయన్ని అమ్ముకున్నట్టు కాదా?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తెలుసుకుని చెప్పాలనుకున్నాను.

పూర్వం ఇంగ్లీషు చట్టం కూడా అలాగే అనేది. 1808లో ఒక కేసు నడిచింది. గుర్రబ్బండి బోల్తాపడి ఒకాయన భార్య గాయపడి, నెలరోజుల తరవాత చనిపోయింది. ఆయన కోర్టుకి వెళ్తే, ఆమె బతికి ఉన్న ఆ నెలరోజుల నష్టానికే డబ్బు ఇప్పించారు. చావుకి మాత్రం ఏమీ లేదన్నారు. మనిషి మరణం సివిలు కోర్టులో నష్టంగా ఫిర్యాదు చెయ్యదగింది కాదని న్యాయమూర్తి ఎలెన్‌బరో తీర్పు. అంటే కాలు విరగ్గొట్టినవాడు డబ్బు కట్టాలి, ప్రాణం తీసినవాడు కట్టనక్కర్లేదు! రైళ్ళు వచ్చి చావులు పెరిగాక, 1846లో ఆ దేశంలో చట్టం మార్చారు. 1855లో మన దేశానికీ అలాంటి చట్టమే వచ్చింది. చచ్చిపోయినవాడి మీద ఆధారపడినవాళ్ళు దావా వెయ్యవచ్చన్నది అప్పటినుంచి ఇక్కడ ఉన్న హక్కు. కాబట్టి ఆ డబ్బు మనిషి ఖరీదు కాదు. బతికి ఉంటే అతను ఇంటికి తెచ్చే అన్నం లెక్క. ఇది చెప్తే మా చెల్లెలు కాసేపు ఊరుకుని, "అన్నం లెక్కయితే అడగొచ్చు" అంది.

ఎక్కడ అడగాలి? ప్రమాదం ఆంధ్రలో, ఇల్లు ఒడిశాలో. శ్రీకాకుళం జిల్లా కోర్టుకి తిరగాలేమోనని భయపడ్డాం. అవసరం లేదని ఒక వకీలుగారు చెప్పారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను ప్రకారం ప్రమాదం జరిగినచోట గాని, దావా వేసేవాళ్ళు ఉండేచోట గాని, ఎదుటి పక్షం ఉండేచోట గాని వెయ్యవచ్చు. 1994 సవరణతో వచ్చిన సదుపాయం ఇది. సరిహద్దు మీద బతికే మనలాంటివాళ్ళకి ఇంతకంటే మేలు ఏముంటుంది? బరంపురంలోనే వేశాం.

ఇంకొక సంగతి. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. జిల్లా న్యాయసేవా సంస్థకి అర్జీ పెట్టుకుంటే చాలు. గుమ్మం దగ్గరికొచ్చినవాడు ఈ మాట చెప్పడు.

దావా వేశాక అసలు చిక్కు మొదలైంది. ఎఫ్.ఐ.ఆర్., శవపంచనామా ఇచ్ఛాపురం నుంచి వచ్చాయి. రెండూ తెలుగులో ఉన్నాయి. ఇక్కడ కోర్టు వ్యవహారం ఒడియాలో, ఇంగ్లీషులో. గుమాస్తా కాగితం తిరగేసి మర్యాదగానే అడిగాడు, "ఆజ్ఞా, ఇదేం భాష?" అని. 1936 ఏప్రిల్ 1కి ముందు బరంపురం, ఇచ్ఛాపురం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఒకే గంజాం జిల్లా. ఆ రోజు గీసిన గీత ఇప్పుడు ఒక చావు కాగితం మధ్యనుంచి పోతోంది.

తర్జుమా నేనే చేశాను. తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. పిల్లలచేత వాక్యాలు మార్పించడం నా వృత్తి. అయినా "మృతుడి శరీరము వెల్లకిలా యుండెను" అన్న వాక్యం దగ్గర కలం ఆగింది. బావ వంటి మీది గాయాలు వరసగా రాసి ఉన్నాయి. సంచిలో రెండు పట్టుచీరలు, జేబులో 210 రూపాయలు. గుర్తుల కింద ఒక పంక్తి: కుడిచేతి వేళ్ళకు ఎర్రరంగు మరకలు, చూపుడువేలి పక్కన కాయ. వృత్తి: నేత.

మేనల్లుడు ఒడియా మీడియంలో చదివాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, తెలుగు అక్షరం రాదు. తన తండ్రి ఎలా పోయాడో రాసిన కాగితం చేతిలో పట్టుకుని తిరగేస్తున్నాడు. "ఒడియాలో చెప్పనా?" అన్నాను. "వద్దు మావయ్యా, ఉన్నదున్నట్టు చదువు. మెల్లిగా చదువు" అన్నాడు. చదివాను. ఆ కాగితం చదవడానికి వాడికి మనిషి కావలసి రావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మాతృభాషలో ప్రాథమిక విద్యకి రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. కష్టం చెప్పుకునే అర్జీ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చని 350వ అధికరణం ఉంది. ఉండడం వేరు, అందడం వేరు.

రెండో చిక్కు పేరు. మనకి ఇంటిపేరు ముందు, సొంతపేరు తరవాత. ఇక్కడి పద్ధతిలో సొంతపేరు ముందు, వంశం పేరు చివర. దాంతో బావ పంచనామాలో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా, పిల్లల స్కూలు రికార్డులో ఇంకోలా ఉన్నాడు. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరమైపోయింది. ఒకచోట చివరి "రావు" వంశం పేరైపోయింది. ఎదుటి వకీలు లేచి, ఈ ముగ్గురిలో ఎవరు చనిపోయారని అడిగాడు. ఆయన వృత్తి అది, తప్పు పట్టను. కాని భర్త పోయిన మనిషి, తన భర్త ముగ్గురు కాదు, ఒక్కడేనని ప్రమాణపత్రం రాసి ఇవ్వవలసి వచ్చింది.

మూడోది సంపాదన. నెలజీతం ఉన్నవాడికి కాగితం ఉంటుంది. మగ్గం మీద కూర్చున్నవాడికి చీరకింత అని ముడుతుంది. మధ్యలో పడుగు తెగితే, వానల్లో నూలు ఆరకపోతే ఆ నెల సగమే. బతికి ఉన్నంతకాలం ఈ లెక్క ఎవరూ అడగలేదు. పోయాక అందరూ అడిగారు.

కోర్టులు ఈ లెక్క ఎలా కడతాయో ప్రతి ఇంటివాళ్ళూ తెలుసుకోవాలి. 2009లో సరళా వర్మ కేసులోనూ, 2017 అక్టోబరు 31న ప్రణయ్ సేఠీ కేసులోనూ సుప్రీంకోర్టు దీనికి పద్ధతి ఏర్పరిచింది. నెలకి 6,000 సంపాదన అనుకోండి. ఏడాదికి 72,000. స్వయంవృత్తివాడై వయసు నలభై యాభైల మధ్య ఉంటే, ముందు ముందు పెరిగేదానికని నూటికి 25 కలుపుతారు. 90,000. ఆధారపడినవాళ్ళు నలుగురైతే, తన సొంత ఖర్చుకి నాలుగోవంతు తీసేస్తారు. 67,500. నలభై రెండేళ్ళవాడికి దాన్ని 14తో హెచ్చవేస్తారు. 9,45,000. దీనిమీద దహనఖర్చులకి 15,000, ఆస్తినష్టానికి 15,000, తోడు పోయినందుకు 40,000 చొప్పున, మూడేళ్ళకొకసారి నూటికి పది పెంచేటట్టు నిర్ణయించారు. తోడు అంటే భార్యకే కాదు, పిల్లలకీ తల్లిదండ్రులకీ కూడా అని 2018లో మరో తీర్పు వచ్చింది.

ఈ లెక్కలో మొదటి అంకె ఒక్కటి తగ్గితే చివర లక్షలు తగ్గుతాయి. అందుకే పోరాటమంతా మొదటి అంకె దగ్గరే. భర్త తనకోసం ఎంత ఖర్చు పెట్టుకునేవాడని అడిగితే మా చెల్లెలు బోనులో నిలబడి చెప్పింది: "పొద్దున్నొక టీ, సాయంత్రమొక టీ. చుట్ట మానేసి రెండేళ్ళయింది బాబూ." చట్టం మాత్రం నాలుగోవంతు తీసింది. చట్టానికి అందరూ ఒక్కటే కదా.

ఆ రోజు ఎవరూ అడగనిది ఇంకొకటుంది. కండెలు చుట్టేది ఆమె. ఆసుపోతకి చెయ్యి వేసేది ఆమె. మగ్గం ఆగినరోజునే ఆమె పనీ ఆగిపోయింది. బావ సంపాదన అని రాసినదాంట్లో ఆమె చేతులూ ఉన్నాయి. ఇంట్లో ఆడదాని పనికి ధర కట్టడం కోర్టులు ఆలస్యంగా మొదలుపెట్టాయి. 1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో ఒక ఉత్సవంలో నిప్పంటుకుని ఆడవాళ్ళూ పిల్లలూ ఎందరో చనిపోయారు. ఆ కేసులో, 2001లో, గృహిణి సేవలకి నెలకి 3,000 అని సుప్రీంకోర్టు లెక్క వేసింది. 2021 జనవరి 5న మరో కేసులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ గృహిణుల శ్రమ గురించి విడిగా తీర్పు రాశారు. ఇంటిపనికి విలువ కట్టడమంటే ఆ శ్రమను గుర్తించడమేనని దాని సారాంశం. ఆ వార్త చదివి వినిపిస్తే, "చచ్చిపోతే గాని కట్టరా?" అంది మా చెల్లెలు.

కేసు నడుస్తుండగా నాకు పదేపదే గుర్తొచ్చిన మనిషి మన రాష్ట్రంలోనే ఉంది. సుందర్‌గఢ్ జిల్లాలో నీలాబతి బెహరా అనే తల్లి. ఆమె కొడుకు సుమన్ బెహరా, ఇరవై రెండేళ్ళవాడు. 1987 డిసెంబరు 1న దొంగతనం విచారణ అని అతన్ని జెరాయికెలా పోలీసు అవుట్‌పోస్టుకి తీసుకెళ్ళారు. ఆ రాత్రి తల్లి అన్నం పట్టుకెళ్ళి పెట్టింది. మర్నాడు అతని శవం రైలు పట్టాల దగ్గర దొరికింది. కస్టడీ నుంచి పారిపోయి రైలు కింద పడ్డాడని పోలీసులన్నారు. ఆ తల్లి 1988 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టుకి ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషనుగా తీసుకుని, జిల్లా జడ్జిచేత విచారణ చేయించి, 1993 మార్చి 24న తీర్పు చెప్పింది. అది కస్టడీ మరణమేనని తేల్చి, రాష్ట్ర ప్రభుత్వం ఒక లక్షా యాభై వేలు కట్టాలంది. జీవించే హక్కుని కాలరాసినప్పుడు సార్వభౌమాధికారం పేరుతో ప్రభుత్వం తప్పించుకోలేదని జస్టిస్ జె.ఎస్. వర్మ, జస్టిస్ ఎ.ఎస్. ఆనంద్ రాసిన ఆ తీర్పు దేశమంతటికీ దారి అయింది.

ఆ లక్షన్నర ఆమెకి కొడుకుని నింపలేదు. కాని "పారిపోయి చచ్చాడు" అన్న మాటని తొలగించింది. పరిహారం అన్న మన మాటకి అర్థం నాకు అక్కడ తెలిసింది.

మన గంజాంలో ఇలాంటి చావులకి కొదవ లేదు. 2020 ఫిబ్రవరి 9న గొళంతరా దగ్గర మందరాజ్‌పూర్‌లో, నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సుకి 11 కె.వి. కరెంటు తీగ తగిలి కనీసం తొమ్మిదిమంది పోయారు. 2023 జూన్ 25 రాత్రి దిగపహండి దగ్గర రెండు బస్సులు గుద్దుకుని పెళ్ళినుంచి తిరిగివస్తున్నవాళ్ళు పన్నెండుమంది పోయారు. ప్రతిసారీ పేపర్లో ఎక్స్‌గ్రేషియా అన్న మాట చూస్తాం. అది లాటిన్ మాట. దయతో ఇచ్చేది అని అర్థం. దయని కాదనక్కర్లేదు. దాంతో దహనఖర్చులు గడుస్తాయి. కాని దయ అందింది కదా అని హక్కు వదులుకోవలసిన పని లేదు. బస్సు చావుకి ట్రిబ్యునల్ ఉంది. రైలు చావుకి రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఉంది. భువనేశ్వర్‌లోనే బెంచి ఉంది, ఏడాదిలోగా వెయ్యాలి. కరెంటు చావు సంగతయితే, 2002లో మధ్యప్రదేశ్ ఎలక్ట్రిసిటీ బోర్డు కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అంత ప్రమాదకరమైన వస్తువుని సరఫరా చేసేవాళ్ళు, తమ అజాగ్రత్త రుజువు కాకపోయినా, జరిగిన నష్టానికి బాధ్యులేనని.

2020 మొదట్లో ఇన్సూరెన్సు కంపెనీవాళ్ళు రాజీకి పిలిచారు. లోక్ అదాలత్‌లో తేల్చుకుందాం, నాలుగు లక్షలిస్తాం అన్నారు. అక్కడ కుదిరిన రాజీకి అప్పీలు ఉండదు. అప్పటికి ఇంట్లో అప్పు పేరుకుంది. బావ తల్లికి మందులు కావాలి. మేనల్లుడు కాలేజీ ఫీజు కట్టాలి. తీసుకోమన్నవాళ్ళే ఎక్కువ. తీసుకోవడం తప్పేమీ కాదు. నలుగురి కడుపు నిండాలంటే ఈరోజు చేతికొచ్చే నాలుగు, ఎప్పుడో వచ్చే పదికంటే పెద్దది కావచ్చు.

రాజీ కాగితం చదివి తెలుగులో చెప్పమంది. చెప్పాను. మృతుడి వృత్తి దగ్గర "కూలీ" అని ఉంది. నైపుణ్యం లేని కూలీ రేటు మీదే ఆ నాలుగు లక్షలు కట్టారు. మా చెల్లెలు అక్కడ ఆపింది.

"డబ్బు మాట తరవాత, అన్నయ్యా. ఆయన కూలీ ఏటి? పదహారో ఏటినుంచి మగ్గం దిగనోడు."

సంతకం పెట్టలేదు. ఆ వెంటనే కరోనా వచ్చి అంతా మూతపడింది. 2021లో బావ తల్లి కన్నుమూసింది. కొడుకు పేరుమీద వచ్చినదేదీ ఆమె చూడలేదు. ఆ సంతకం పెట్టి ఉంటే ఆమెకి ఇంకాస్త మంచి మందులు అందేవి. మా చెల్లెలికి ఇది తెలుసు. దీని గురించి మేమిద్దరం మాట్లాడుకోం.

కోర్టులు మళ్ళీ తెరిచాక వాదనలు జరిగాయి. చీరలు కొనే షావుకారు తన పద్దుపుస్తకం పట్టుకొచ్చి సాక్ష్యం చెప్పాడు. అది నమ్మదగింది కాదని ఎదుటివాళ్ళన్నారు. అప్పుడు మా వకీలు పంచనామా తీశారు. వేళ్ళకు ఎర్రరంగు మరకలు, చూపుడువేలి పక్కన కాయ, వృత్తి నేత. చావు జరిగిన రోజునే, మాకు ఏ సంబంధమూ లేని పొరుగు రాష్ట్రపు మనుషులు, ఏ దావానీ ఊహించకుండా రాసిన పంక్తి. దాన్ని కాదనడం ఎవరివల్లా కాలేదు. 2022లో తీర్పు వచ్చింది. నెలకి 6,000 సంపాదన ఉన్న చేనేత పనివాడని రాశారు. పైన నేను కట్టి చూపించిన లెక్క అదే. పిల్లల వాటాలు బ్యాంకులో డిపాజిట్టు చేయించారు.

డబ్బు వచ్చింది, అప్పు తీరింది. మగ్గం మాత్రం ఖాళీగానే ఉంది. ఆ గుంటమీద చెక్కలు పరిచి బియ్యం డబ్బా పెట్టారు.

చివరగా మన వాళ్ళకి నాలుగు మాటలు. అన్ని కాగితాల్లోనూ పేరు ఒకేలా ఉందో లేదో ఇవాళే చూసుకోండి. ఇంటిపేరు ఎటు పెట్టినా ఒకటే పద్ధతి ఉండాలి. చేతిపని చేసేవాళ్ళు ముట్టిన డబ్బుకి ఒక పుస్తకం పెట్టండి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన సవరణ రోడ్డు ప్రమాదాల దావాకి ఆరు నెలల గడువు పెట్టింది. దానిమీద సవాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. అవి ఎలా తేలినా మీరు మాత్రం ఆలస్యం చెయ్యకండి. ఎఫ్.ఐ.ఆర్., పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు నకళ్ళు మొదటి నెలలోనే తెచ్చుకోండి.

ఇంకొకటి. మన పేటల్లో రెండు లిపులూ వచ్చిన పెద్దవాళ్ళం ఇంకా కొందరం ఉన్నాం. ఎవరింట్లోనైనా ఇలాంటి కష్టం వస్తే ఆ కాగితాలు చదివిపెట్టడానికి ఒక పూట వెళ్ళండి. అడిగేదాకా ఆగకండి. అలాంటప్పుడు ఎవరిని అడగాలో కూడా వాళ్ళకి తోచదు.